న్యూమోథొరాక్స్ ఆపరేషన్ అయ్యాక ఎప్పుడు ఫ్లైట్ ఎక్కొచ్చు?

మారతహళ్లి_మధు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పోయిన ఎండాకాలంలో మొదటిసారి నా ఎడమవైపు లంగ్ కొలాప్స్ అయింది. న్యూమోథొరాక్స్ అన్నారు, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కుంగిపోవడం. అప్పుడు ఛాతీలో గొట్టం వేసి, గాలి తీసి పంపించేశారు. ఈసారి ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉండగానే మళ్లీ అదే నొప్పి, భుజం దాకా పాకింది. సీటీ తీస్తే ఊపిరితిత్తి పైకొసలో చిన్న చిన్న బుడగలు కనిపించాయి. కీహోల్ ఆపరేషన్ చేశారు. డిశ్చార్జ్ సమ్మరీలో వ్యాట్స్ బుల్లెక్టమీ (కెమెరాతో ఆ బుడగలు తీసేయడం), ప్లూరోడెసిస్ (ఊపిరితిత్తిని ఛాతీ గోడకి అంటించడం) అని రాసి ఉంది. సిగరెట్ అలవాటు ఉండేది, మానేశాను. దాని మీద ఎవరూ క్లాసు పీకొద్దు, ఇంట్లో అమ్మ సరిపడా పీకుతోంది.

ఇప్పుడు సమస్య ఏంటంటే, చెల్లి పెళ్లి విశాఖలో ఉంది. ఆ తర్వాతి నెలలో ఆఫీసు వాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్ పంపిస్తామంటున్నారు. ఫ్లైట్ గురించి సర్జన్‌ని అడిగితే నాలుగు వారాలు ఆగమన్నారు. అదే హాస్పిటల్‌లో ఛాతీ డాక్టర్ రెండు వారాలు చాలన్నారు. నెట్‌లో ఒకచోట 7 రోజులు, ఒకచోట 6 వారాలు, ఇంకోచోట జీవితాంతం ఎక్కకూడదట. ఎవరి మాట పట్టుకోవాలి? ఈ ఆపరేషన్ అయ్యి ఫ్లైట్ ఎక్కినవాళ్లు ఎవరైనా ఉన్నారా?


కోరమంగళ_కిరణ్ | సోమవారం, రాత్రి 10:05

ఉన్నాను బ్రో. నాకూ సేమ్ ఆపరేషన్, కుడివైపు. కుట్లు ఊడగానే హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కేశా. ఏమీ కాలేదు. డాక్టర్లు ఊరికే భయపెడతారు. ఎక్కెయ్.


బీటీఎం_లక్ష్మి | సోమవారం, రాత్రి 10:22

కిరణ్ గారూ, మీకేం కాలేదంటే సంతోషమే. కానీ మీ లంగ్ సంగతి వేరు, ఆయన లంగ్ సంగతి వేరు కదండీ. "ఎక్కెయ్" అనే ముందు మధు గారికి గొట్టం తీశాక ఎక్స్-రే ఎలా ఉందో అడగాలి. మా తమ్ముడికి ఇలాగే అయినప్పుడు అందరూ ఆపరేషన్ తేదీ నుంచి వారాలు లెక్కపెట్టారు. డాక్టర్ మాత్రం ఆ తేదీని పట్టించుకోనేలేదు. ఆయన అడిగింది ఎక్స్-రే తేదీ.


పోరూరు_పల్మో | సోమవారం, రాత్రి 11:30

నేను చెన్నైలో పల్మనాలజిస్టుని, సొంతూరు నెల్లూరు. లక్ష్మి గారు అసలు విషయం పట్టుకున్నారు. కొంచెం వివరంగా రాస్తాను. ఇది మీ డాక్టర్ సలహాకి బదులు కాదు, ఆయన్ని ఏం అడగాలో తెలియడానికి.

విమానం 35,000 అడుగుల ఎత్తులో ఎగిరినా లోపలి గాలి ఒత్తిడిని 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా నిలబెడతారు. 8,000 అడుగుల దగ్గర ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో ముప్పావు వంతే. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది. ఊటీ ఘాట్ ఎక్కుతుంటే కారులో చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం చూసే ఉంటారు, ఇదీ అదే.

ఊపిరితిత్తి లోపల ఉన్న గాలితో ఇబ్బంది లేదు. అది వ్యాకోచించినా శ్వాసనాళం గుండా బయటికి పోతుంది. చిక్కంతా ఊపిరితిత్తికి బయట, దాన్నీ ఛాతీ గోడనీ కప్పి ఉండే రెండు పల్చటి ప్లూరా పొరల మధ్య చిక్కుకున్న గాలితోనే. దానికి బయటికి దారి లేదు. అది పెరిగితే ఊపిరితిత్తిని నొక్కుతుంది, మరీ పెరిగితే గుండెను కూడా పక్కకి నెడుతుంది. నేల మీద తెలియనంత చిన్న గాలి తిత్తి పైన ఊపిరాడకుండా చేయొచ్చు. అందుకే ఛాతీలో గాలి మిగిలి ఉండగా మామూలు ప్రయాణికుడిలా విమానం ఎక్కకూడదు. ఇందులో డాక్టర్ల మధ్య తేడా లేదు.

గాలి పూర్తిగా పోయాక ఎన్నాళ్లు ఆగాలి అన్న దగ్గరే అంకెలు మారతాయి. బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2011లో ఇచ్చిన సూచనల ప్రకారం, దానంతట అదే వచ్చిన న్యూమోథొరాక్స్ అయితే ఎక్స్-రేలో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నట్టు కనిపించాక ఇంకో 7 రోజులు ఆగాలి. దెబ్బ తగిలి వచ్చినదైతే 2 వారాలు. అంతకు ముందున్న పాత సూచనల్లో 6 వారాలు ఉండేది. మీరు నెట్‌లో చూసింది బహుశా అదే. సర్జన్లు దీని మీద ఇంకొంచెం కలుపుతారు. గాయం మానాలి, నొప్పి తగ్గాలి, ఊపిరితిత్తిని స్టేపుల్ చేసిన చోట గాలి లీకు లేదని నమ్మకం కుదరాలి. ఎయిర్‌లైన్స్ వైద్య విభాగాలు తమ జాగ్రత్త తాము కలుపుకుంటాయి. అందువల్ల మీకు చెప్పిన ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు, ఒక్కొక్కరు ఒక్కో రోజు నుంచి లెక్క మొదలుపెట్టారంతే.

మధు, గొట్టం తీశాక ఎక్స్-రే ఎప్పుడు తీశారు? రిపోర్టులో ఏముంది?


కోరమంగళ_కిరణ్ | సోమవారం, రాత్రి 11:41

డాక్టర్ గారూ, గాలి పోయాక కూడా ఆ 7 రోజులు ఎందుకు? లంగ్ విచ్చుకుంటే అయిపోయినట్టే కదా.


పోరూరు_పల్మో | సోమవారం, రాత్రి 11:58

మంచి ప్రశ్న. ఆ 7 రోజులు విమానంలో ఒత్తిడి కోసం కాదు. మళ్లీ కుంగేదుంటే చాలామందిలో తొలి రోజుల్లోనే ఆ పని జరుగుతుంది. అదేదో నేల మీద, హాస్పిటల్ పక్కన జరిగితే మంచిదని. పూర్తిగా మానిన ఊపిరితిత్తిని విమాన ప్రయాణం కొత్తగా చిల్లు పొడుస్తుందని ఎవరూ అనరు. భయమల్లా అరేబియా సముద్రం మీద ఉండగా అది మళ్లీ జరిగితే ఏం చేస్తామన్నదే.


మారతహళ్లి_మధు | మంగళవారం, ఉదయం 8:15

డాక్టర్ గారికి చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఇది చదివాక ఫైలు బయటికి తీశాను. గొట్టం తీసిన మర్నాడు తీసిన ఎక్స్-రే రిపోర్టులో "మినిమల్ రెసిడ్యువల్ ఏపికల్ న్యూమోథొరాక్స్" అని ఉంది, అంటే పైకొసలో ఇంకా కాస్త గాలి మిగిలి ఉందన్నమాట. డిశ్చార్జ్ అప్పుడు ఎవరూ దీని గురించి చెప్పలేదు, అంతా బాగుందనే అన్నారు. ఇప్పుడు టెన్షన్ మొదలైంది.


పోరూరు_పల్మో | మంగళవారం, మధ్యాహ్నం 1:20

టెన్షన్ పడాల్సినదేం కాదు. ఆపరేషన్ తర్వాత పైకొసలో కొద్దిపాటి గాలి కొన్నాళ్లు మిగలడం చూస్తూనే ఉంటాం. ప్లూరోడెసిస్‌లో ఊపిరితిత్తిని ఛాతీ గోడకి అంటుకునేలా చేస్తారు కాబట్టి మిగతా భాగం అతుక్కుని ఉంటుంది. చాలామందిలో ఆ కాస్త గాలీ శరీరమే పీల్చేసుకుంటుంది. మీ సర్జన్ అంతా బాగుందని అన్నది కోలుకోవడం గురించి. ఆయన అన్నది తప్పు కాదు.

కానీ విమానం లెక్కలో మీకు ఇంకా మొదటి రోజు రాలేదు. గాలి లేదని చెప్పే ఎక్స్-రే వచ్చిన రోజే మీ మొదటి రోజు. రివ్యూకి వెళ్లినప్పుడు మళ్లీ నిలబెట్టి తీసిన ఎక్స్-రే అడగండి. పైకొసలో ఇంకా అనుమానంగా ఉంటే సీటీ కావాలా అన్నది వాళ్లు చెబుతారు. ఎక్స్-రేలో కనబడని కాస్త గాలి సీటీలో తెలుస్తుంది.

పెళ్లికి మాత్రం రైల్లో వెళ్లండి.


హెబ్బాళ్_హర్ష | మంగళవారం, సాయంత్రం 6:45

నేను డాక్టర్ని కాదు, ఏరోస్పేస్‌లో పనిచేస్తాను. ఒక లెక్క చెప్తాను, డాక్టర్ గారు తప్పయితే సరిదిద్దాలి.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అంటే దగ్గర దగ్గర 3,000 అడుగులు. ఇక్కడ మన ఒంట్లో చిక్కుకున్న గాలి అప్పటికే తక్కువ ఒత్తిడికి అలవాటుపడి ఉంటుంది. ఇక్కడి నుంచి 8,000 అడుగుల క్యాబిన్‌కి వెళ్తే అది ఐదో వంతు పెరుగుతుంది. అదే చెన్నైలో ఎక్కితే మూడో వంతుకి మించి పెరుగుతుంది. అంటే ఒకే మనిషి, ఒకే గాలి తిత్తి, చెన్నైలో ఎక్కితే ఎక్కువ ఇబ్బంది. ఇంకోటి, 787, ఏ350 లాంటి కొత్త విమానాల బాడీ కాంపోజిట్ కాబట్టి లోపల 6,000 అడుగుల ఒత్తిడి ఉంచగలుగుతారు. పాత రకాల్లో 8,000 దాకా పోతుంది. విజయవాడ, తిరుపతి లాంటి చోట్లకి తిరిగే చిన్న ఏటీఆర్ విమానాలు అసలు అంత ఎత్తుకి పోవు, లోపల కూడా ఒత్తిడి ఎక్కువే ఉంటుంది.


పోరూరు_పల్మో | మంగళవారం, రాత్రి 9:10

హర్ష గారి లెక్క సరైనదే. మా చెన్నై వాళ్లకి కాస్త అన్యాయం జరిగింది, ఏం చేస్తాం. అయితే ఈ తేడాలు పట్టుకుని "నాది బెంగళూరు, చిన్న విమానం, కాబట్టి ఎక్కొచ్చు" అని ఎవరూ నిర్ణయించుకోవద్దు. విమానం ఆఖరి నిమిషంలో మారుతుంది. ఒత్తిడి పూర్తిగా పడిపోయే ఎమర్జెన్సీ కూడా ఉంటుంది, అరుదే అయినా. గాలి ఉందా లేదా అన్నదే చూడండి.


జయనగర_జ్యోతి | మంగళవారం, రాత్రి 9:32

మా ఆయనకి కూడా ఈ మధ్యే గొట్టం తీశారు. ఫ్లైట్ వద్దన్నారని ఫ్రెండ్స్ అందరూ కారులో ఊటీ ప్లాన్ చేస్తున్నారు. అది పర్వాలేదు కదా? నేల మీదే కదా వెళ్తాం.


హెబ్బాళ్_హర్ష | మంగళవారం, రాత్రి 9:40

అమ్మో. జ్యోతి గారూ, ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. విమానం లోపల ఉంచే 8,000 అడుగులంటే 2,438 మీటర్లు. దొడ్డబెట్ట పైకెక్కితే 2,637. అంటే దొడ్డబెట్ట వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే విమానం లోపలికన్నా ఒత్తిడి తక్కువే.


పోరూరు_పల్మో | మంగళవారం, రాత్రి 10:02

అవును. కొడైకెనాల్ కూడా 2,100 మీటర్ల పైనే. గాలి ఇంకా ఉంటే కొండకీ విమానానికీ ఒకే సలహా. కొండ మీద నయం ఏంటంటే, ఇబ్బంది అనిపిస్తే కారు వెనక్కి తిప్పి దిగిపోవచ్చు. కష్టం ఏంటంటే, ఘాట్ రోడ్డులో హాస్పిటల్ దొరకదు. తిరుమల అంత ఎత్తు కాదు, బెంగళూరుకి దాదాపు సమానం. దర్శనానికి వెళ్లాలంటే ఎత్తు అడ్డం కాదు. ఆపరేషన్ అయిన కొత్తలో మెట్ల దారి మాత్రం వద్దు. లేహ్ లాంటివి ఇప్పుడు ఆలోచించనే వద్దు, అక్కడి ఎయిర్‌పోర్టే 3,200 మీటర్ల పైన.


జయనగర_జ్యోతి | మంగళవారం, రాత్రి 10:08

ఈ పోస్టు ఆయనకి చూపించాను. మొహం మాడ్చుకున్నారు. ఊటీ క్యాన్సిల్, ధర్మస్థల అనుకుంటున్నాం.


బీటీఎం_లక్ష్మి | బుధవారం, ఉదయం 7:50

మధు గారూ, విశాఖకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది, గుంటూరు, విజయవాడ మీదుగా దాదాపు ఒక రోజు ప్రయాణం. లోయర్ బెర్త్ తీసుకోండి. పైబెర్త్ ఎక్కడానికి చేతుల మీద బరువు వేస్తే గాయం దగ్గర పీకుతుంది, మా తమ్ముడు చాలాకాలం చెయ్యి పైకెత్తలేకపోయాడు. సూట్‌కేసు మీరు ఎత్తొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. స్పైరోమీటర్ మాత్రం బ్యాగులో పెట్టుకోండి, మూడు బంతులు లేపేది. రైల్లో ఊదుతుంటే పక్కవాళ్లు చిన్నపిల్లాడి బొమ్మ అనుకుంటారు, పట్టించుకోకండి. ఊదడం కాదు లెండి, పీల్చడం. అందరూ అక్కడే తప్పు చేస్తారు.

పెళ్లిలో పెళ్లికూతుర్ని బుట్టలో మోసే పని మేనమామకి వదిలెయ్యండి. అన్నగా మీరు అక్షింతలు వేస్తే చాలు.


మారతహళ్లి_మధు | బుధవారం, ఉదయం 9:05

హహ, మామయ్యకి ఇప్పటికే నడుం నొప్పి. ట్రైన్ టికెట్ తీశాను, ఆర్‌ఏసీ వచ్చింది, చూద్దాం.


తాంబరం_తులసి | బుధవారం, మధ్యాహ్నం 2:30

ఇక్కడ అందరూ మగవాళ్ల కేసులే మాట్లాడుతున్నారు కాబట్టి నేను నా సంగతి చెప్పాలి. నేను సిగరెట్ తాగను, పొడుగ్గా సన్నగా ఉండే రకం కూడా కాదు. అయినా కుడివైపు మళ్లీ మళ్లీ వచ్చేది. ప్రతిసారీ నెలసరి సమయంలోనే. మొదట్లో ఎవరూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు. నేనే డైరీ చూపించాక ఒక లేడీ డాక్టర్ గుర్తుపట్టారు. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది వేరే చోట పెరగడం) ఛాతీ దాకా వచ్చిందన్నారు. ఆపరేషన్‌తో పాటు హార్మోన్ మందులు కూడా ఇచ్చారు.

ప్రయాణం విషయంలో నా పద్ధతి, తేదీలు దగ్గర పడుతుంటే లాంగ్ ఫ్లైట్ బుక్ చేసుకోను. డాక్టరే అలా చెప్పారు. ఆడవాళ్లలో ఎవరికైనా కుడివైపు పదేపదే వస్తుంటే దయచేసి తేదీలు రాసి పెట్టుకోండి.


పోరూరు_పల్మో | బుధవారం, రాత్రి 8:45

తులసి గారు ఇది రాసినందుకు ధన్యవాదాలు. దీన్ని కెటమీనియల్ న్యూమోథొరాక్స్ అంటారు. ఎక్కువగా కుడివైపే, నెలసరి మొదలైన 72 గంటల అటూ ఇటూ వస్తుంది. ఆలస్యంగా గుర్తించడం దీనికి మామూలే. పేషెంట్ సిగ్గుపడి చెప్పరు, డాక్టర్ అడగరు.


దేవనహళ్లి_గ్రౌండ్‌స్టాఫ్ | గురువారం, ఉదయం 6:20

నేను బెంగళూరు ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో చేస్తాను, అనంతపురం మాది. మెడికల్ పార్ట్ డాక్టర్ గారు చెప్పారు, కౌంటర్ పార్ట్ నేను చెప్తాను.

ఈ మధ్యే ఛాతీ ఆపరేషన్ అయినవాళ్లకి ఎయిర్‌లైన్ ఫిట్ టు ఫ్లై లెటర్ అడగొచ్చు. చాలా ఎయిర్‌లైన్స్‌కి మెడిఫ్ అనే ఫారం ఉంటుంది, ఒక భాగం మనం, ఒక భాగం డాక్టర్ నింపాలి. దాన్ని ప్రయాణానికి కనీసం రెండు మూడు రోజుల ముందే పంపాలి. కౌంటర్ దగ్గర తీసి చూపిస్తే అక్కడున్న పిల్లలు నిర్ణయం తీసుకోలేరు, పైకి ఫోన్ చేస్తారు, ఈలోగా గేటు మూస్తారు.

లెటర్‌లో "పేషెంట్ ప్రయాణానికి ఫిట్" అన్న ఒక్క లైన్ ఉంటే చాలదు. ఏ ఆపరేషన్, ఏ రోజు చేశారు, గొట్టం ఏ రోజు తీశారు, చివరి ఎక్స్-రే ఏ రోజుది, అందులో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందా, ప్రయాణంలో ఆక్సిజన్ కావాలా అక్కర్లేదా, ఇవన్నీ ఉండాలి. కింద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్, సంతకం, ముద్ర. తేదీ కొత్తదై ఉండాలి. సొంత ఆక్సిజన్ సిలిండర్ విమానంలోకి రానివ్వరు. కరెంటుతో, బ్యాటరీతో నడిచే చిన్న కాన్సన్‌ట్రేటర్ అయితే ముందుగా అనుమతి తీసుకుంటే కొన్ని రకాలు ఒప్పుకుంటారు.

వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడొద్దు. మన టెర్మినల్‌లో గేటు దాకా నడక తక్కువేం కాదు. క్యాబిన్ బ్యాగు 7 కిలోలు తలపైకి ఎత్తి పెట్టడమే మీలాంటివాళ్లకి అసలు ప్రమాదం. సిబ్బందిని అడగండి, లేదా బ్యాగు చెకిన్‌లో వేసెయ్యండి.


బీటీఎం_లక్ష్మి | గురువారం, ఉదయం 8:02

ఇది నిజం. మా తమ్ముడి లెటర్‌లో ఎక్స్-రే తేదీ లేదని ఒక ఎయిర్‌లైన్ వాళ్లు కౌంటర్ దగ్గర నిలబెట్టేశారు. మళ్లీ హాస్పిటల్‌కి ఫోన్ చేసి, వాళ్లు వాట్సాప్‌లో పంపి, అది ప్రింట్ కావాలని వీళ్లు. ఆ టెన్షన్‌కి ఊపిరి ఆడకపోతే అది లంగ్ వల్లా ఎయిర్‌లైన్ వల్లా అని ఎవరు తేలుస్తారు?


అన్నానగర్_శ్రీను | గురువారం, సాయంత్రం 5:15

డాక్టర్ గారూ, మా నాన్న గురించి. వయసు 64. చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గింది, కానీ ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి. ఇటీవల గాలి చేరితే గొట్టం వేసి తీశారు. ఆపరేషన్‌కి ఒళ్లు తట్టుకోదని చేయలేదు. అన్నయ్య దుబాయ్ రమ్మంటున్నాడు. ఎక్స్-రే క్లియర్, 7 రోజులు దాటింది. వెళ్లొచ్చా?


పోరూరు_పల్మో | గురువారం, రాత్రి 10:30

శ్రీను గారూ, ఇక్కడ తొందరపడకండి. మధు లాంటివాళ్లకి మిగతా ఊపిరితిత్తి బాగుంటుంది. ఒకవైపు కాస్త కుంగినా రెండోవైపు ఈడ్చుకొస్తుంది. నాన్నగారికి ఆ వెసులుబాటు లేదు. ఊపిరితిత్తుల్లో అప్పటికే జబ్బు ఉన్నవాళ్లలో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, అది గణనీయంగా తగ్గడానికి ఏడాది దాకా పడుతుంది. ఆపరేషన్ కూడా జరగలేదు. 7 రోజులన్నది కనీసం ఆగాల్సిన గడువు, దాటగానే ఎక్కమని దాని అర్థం కాదు.

రెండో సంగతి ఆక్సిజన్. 8,000 అడుగుల క్యాబిన్‌లో పీల్చే గాలి నేల మీద 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో సమానం, మామూలుగా మనం పీల్చేది 21. ఆరోగ్యవంతుడికి కూడా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 దగ్గరికి దిగుతుంది, అతనికి తెలియను కూడా తెలియదు. నాన్నగారికి ఇంట్లో 95 చూపించినా పైన ఎంతకి పడుతుందో దాన్నిబట్టి చెప్పలేం. 15 శాతం ఆక్సిజన్ పీల్పించి చూసే హైపాక్సిక్ చాలెంజ్ పరీక్ష ఉంది, కొన్ని పెద్ద సెంటర్లలో చేస్తారు. మీ డాక్టర్‌ని దాని గురించి అడగండి. నన్నడిగితే అన్నయ్యే ఈసారి చెన్నై రావడం మేలు.


అన్నానగర్_శ్రీను | గురువారం, రాత్రి 10:50

అర్థమైంది సార్. అన్నయ్యకి ఫార్వర్డ్ చేశాను. లీవు దొరకదంటాడు, చూడాలి.


హెబ్బాళ్_హర్ష | శుక్రవారం, రాత్రి 9:20

కొంచెం సబ్జెక్ట్ పక్కకి. విమానంలోనే ఇది జరిగితే ఏం చేశారో ఒక నిజం కథ ఉంది. 1995లో హాంకాంగ్ నుంచి లండన్ వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం. ఒకామె ఎయిర్‌పోర్టుకి వచ్చే దారిలో బైకు మీది నుంచి పడింది, చెయ్యికి దెబ్బ అనుకుని ఎక్కేసింది. పైకెళ్లాక ఊపిరాడలేదు. పక్కటెముక విరిగి ఊపిరితిత్తి కుంగిందని అదే విమానంలో ఉన్న ఆర్థోపెడిక్ సర్జన్ ఆంగస్ వాలెస్ గుర్తించారు. కోటు తగిలించే హ్యాంగర్ తీగను సాగదీసి, బ్రాందీతో కడిగి, దాని సాయంతో మెడికల్ కిట్‌లోని మూత్రం గొట్టాన్ని ఛాతీలోకి దించారు. రెండో చివర నీళ్ల బాటిల్‌లో ముంచారు. ఆమె బతికింది.


పోరూరు_పల్మో | శుక్రవారం, రాత్రి 9:48

మా పీజీ రోజుల్లో ప్రతి ప్రొఫెసరూ చెప్పిన కథ. మధు పక్కన మూడు లీటర్ల బ్రాందీ ఉన్నా ఆర్థోపెడిక్ సర్జన్ ఉంటాడని గ్యారంటీ లేదు. ఆ కథలో నేను గమనించమనేది మొదటి భాగం. దెబ్బ తగిలి కొన్ని గంటలే అయింది, పరీక్ష లేదు, ఎక్స్-రే లేదు. నేల మీద చిన్నగా ఉన్నదే పైన పెద్దదయింది.


కోరమంగళ_కిరణ్ | శుక్రవారం, రాత్రి 10:15

డాక్టర్ గారూ, ఆపరేషన్ అయ్యి చాలా కాలమైనా నాకు పక్కటెముకల దగ్గర అప్పుడప్పుడు కరెంటు షాక్‌లా పొడుస్తుంది. చర్మం మొద్దుబారి ఉంటుంది. ఫ్లైట్‌లో అలా పొడిస్తే మళ్లీ వచ్చిందేమో అని చెమటలు పడతాయి. నేను ధైర్యంగా రాశాను కానీ కిటికీ పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉంటాను.


పోరూరు_పల్మో | శుక్రవారం, రాత్రి 10:40

అది నరం నొప్పి. కెమెరా పెట్టిన రంధ్రాలు పక్కటెముకల మధ్య నరాల పక్కనే ఉంటాయి. నెలల తరబడి ఉండొచ్చు, మరీ ఇబ్బందైతే దానికి మందులున్నాయి. ఒక్క చోట, చర్మం పైన, తాకితే ఎక్కువయ్యే, వచ్చి పోయే పోటు అయితే నరమే అయ్యుండొచ్చు. హఠాత్తుగా ఒకవైపంతా పట్టేసి, దానితో పాటు ఆయాసం కూడా ఉండి, కూర్చున్నా తగ్గకుండా పెరుగుతుంటే అది వేరు. అప్పుడు నరమా గాలా అని మీరు తేల్చుకోనక్కర్లేదు. సిబ్బందికి పాత ఆపరేషన్ సంగతి చెప్పి ఆక్సిజన్ అడగండి, డాక్టర్ ఉన్నారేమో అనౌన్స్ చేయమనండి.

మీకు ఆపరేషన్ అయిన వైపు మళ్లీ వచ్చే అవకాశం తక్కువ, నూటికి కొద్దిమందికే. ఏ ఆపరేషనూ లేకుండా మొదటిసారి వచ్చి తగ్గినవాళ్లలో మాత్రం దాదాపు ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తుంది.


మారతహళ్లి_మధు | మూడు వారాల తర్వాత, ఆదివారం

అప్‌డేట్ ఇస్తానని చెప్పలేదు కానీ ఇస్తున్నాను. పెళ్లి బాగా జరిగింది. ఆర్‌ఏసీ కన్ఫర్మ్ అయింది. మామయ్య బుట్ట మోశాడు, మర్నాడు మంచం దిగలేదు.

తిరిగొచ్చాక రివ్యూకి వెళ్లాను. ఈసారి ఎక్స్-రేలో గాలి లేదు, రిపోర్టులో ఎడమ ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఉంది. సర్జన్, ఛాతీ డాక్టర్ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడిగాను, ఇద్దరూ ఒకే తేదీ చెప్పారు. ఆ తేదీ ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయాణానికి ముందే వస్తుంది. దేవనహళ్లి అన్న చెప్పినట్టే లెటర్ రాయించాను, మెడిఫ్ పంపాను. ఎయిర్‌లైన్ డాక్టర్ ఒక్క ప్రశ్న అడిగారు, అదీ ఎక్స్-రే తేదీ గురించే. లాంగ్ ఫ్లైట్ కాబట్టి కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మధ్యమధ్యలో లేచి నడవమన్నారు, నడవ పక్క సీటు తీసుకున్నాను.

ఇన్సూరెన్స్ మాత్రం తలనొప్పి. ట్రావెల్ పాలసీలో ఈ ఆపరేషన్ ప్రకటిస్తే ప్రీమియం పెంచారు, లంగ్‌కి సంబంధించినదేదీ కవర్ కాదన్నారు.


దేవనహళ్లి_గ్రౌండ్‌స్టాఫ్ | ఆదివారం, రాత్రి

ప్రకటించడమే మంచిది తమ్ముడూ. దాచి, అక్కడ హాస్పిటల్‌లో చేరితే మొత్తం క్లెయిమే కొట్టేస్తారు. ఆఫీసు గ్రూప్ పాలసీలో విదేశీ కవర్ ఉందేమో హెచ్‌ఆర్‌ని అడుగు, అందులో పాత జబ్బులకి కొన్నిసార్లు మినహాయింపు ఉంటుంది.


కోరమంగళ_కిరణ్ | ఆదివారం, రాత్రి

కంగ్రాట్స్ మధు. డాక్టర్ గారూ, ఇదే థ్రెడ్‌లో ఆఖరి డౌట్. డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌తో అండమాన్ వెళ్తున్నాం, ఫ్లైట్ ఓకే అని అర్థమైంది. హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ బుక్ చేశాం. ప్లూరోడెసిస్ అయింది కాబట్టి అదీ ఓకేనా?


పోరూరు_పల్మో | సోమవారం, ఉదయం

కాదు కిరణ్. స్కూబా లెక్క పూర్తిగా వేరు. విమానంలో ఒత్తిడి ముప్పావు వంతుకి తగ్గుతుంది, అంతే. నీళ్లలో 10 మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలవుతుంది, పైకి వస్తుంటే అదంతా నిమిషాల్లో సగానికి పడిపోతుంది. ఊపిరితిత్తిలో ఎక్కడైనా ఇంకో చిన్న బుడగ ఉంటే అక్కడే పగలొచ్చు. పగిలితే నీళ్లలో ఉన్న మనిషికి చికిత్స చేయడానికి ఎవరూ ఉండరు. ఒకసారి దానంతట అది న్యూమోథొరాక్స్ వచ్చినవాళ్లకి డైవింగ్ జీవితాంతం వద్దనే చెప్తారు. రెండువైపులా ప్లూరా తొలగించే ఆపరేషన్ అయ్యి, సీటీ, ఊపిరి పరీక్షలు మామూలుగా ఉన్నవాళ్లకే మినహాయింపు ఆలోచిస్తారు. మీకు ఒకవైపే, అదీ ప్లూరోడెసిస్. డైవింగ్ సెంటర్ వాళ్లిచ్చే మెడికల్ ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది, అక్కడ "లేదు" అని టిక్ పెట్టొద్దు.


కోరమంగళ_కిరణ్ | సోమవారం, మధ్యాహ్నం

ఆ ఫారం ఆల్రెడీ నింపేశాను సార్. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. డబ్బు వెనక్కి ఇవ్వరట, నా స్లాట్ రూమ్మేట్‌కి మార్చారు. స్నార్కెలింగ్ అయినా చేయొచ్చా?


పోరూరు_పల్మో | సోమవారం, రాత్రి

మొహం నీళ్లలో పెట్టి పైనే తేలుతూ చూస్తే ఒత్తిడి పెద్దగా మారదు. ఊపిరి బిగబట్టి కిందికి దూకనంటేనే. వెళ్లే ముందు మీ సర్జన్‌ని ఒక మాట అడగండి, అడిగి ఇక్కడ కూడా రాయండి.